మోచేతి మడతలో ఏడు రోజులు

చోడవరం,
6 జూలై 1997.

చిరంజీవి రూపకి పిన్ని దీవెనలు.

క్షేమసమాచారాలన్నీ మొన్న మీ బాబాయి నీ దగ్గరకొచ్చి గంటసేపు చెప్పిన కబుర్లలో వచ్చేసే ఉంటాయి. వాటికి ఈ కాగితం ఖర్చు పెట్టను. ఉత్తరం తెచ్చిన మా స్కూలు అటెండరు పరదేశి నీకు ఒక పౌడరు డబ్బా కూడా ఇస్తాడు. అందులో దూది చుట్టి ఒక సీసా ఉంది. దాని ఖరీదు చెబితే నువ్వు మూర్ఛపోతావు కాబట్టి చెప్పను. కింద మాత్రం పడెయ్యకు.

మన వీధి చివర వేంకటరమణమూర్తిగారి ముందుగదిలో బ్యూటీ పార్లరు నడిపే నాగవేణి గుర్తుంది కదా, పోయిన వేసవిలో నీ జుట్టు కొసలు కత్తిరించింది. చీడికాడ వైపు పిల్ల. వాళ్ళన్నయ్య శ్యాంప్రసాద్ ఓడ మీద పని చేస్తాడు. సింగపూరులో పెద్ద దుకాణంలో కొన్నాడట, చెల్లెలికి తెచ్చి ఇచ్చాడు. దీన్ని సీరం అంటారట. ముఖానికి నీటిపట్టు ఇస్తుందనీ, ముత్యాల సారం ఉందనీ అట్ట మీద ఇంగ్లీషులో గొప్పలు. బంగారు రంగు మూత, మూతకే డ్రాపరు. సీసా చూస్తే లోపల ఏముందో అడగడం కూడా మర్యాద కాదేమో అనిపిస్తుంది.

కానీ నాగవేణి అడిగింది. అదే నాకు నచ్చింది. ఈ శ్రావణంలో తన దగ్గరకొచ్చే పెళ్ళికూతుళ్ళకి రాయాలని ఆమె ఆశ. రాసే ముందు సీసా పట్టుకుని మా ఇంటికొచ్చింది. "ఇందులో ఏటున్నాదో తెలీకుండా ఇంకోల ముఖానికి ఎలా రాస్తానండి? మీ రూపమ్మ లేబులో పని సేస్తంది కదా, ఓపాలి సూపించండి" అంది. మందుల కంపెనీలో నువ్వు చేసే పని మాత్రలూ టానిక్కులూ పరీక్షించడమని నాకు తెలుసు. అయినా ఒప్పుకున్నాను. ఈ ఊళ్ళో ఇంగ్లీషు పేరున్న మందు ఏదొచ్చినా సైన్సు టీచరుననే పాపానికి నా దగ్గరికే తెస్తారు. నాకు సగం తెలియదు. తెలియదంటే పరువు పోతుందని తల ఊపుతాను.

బాగుందని నువ్వంటే మొదట రాసుకునేది నేనే. పెళ్ళికూతుళ్ళ మీద ప్రయోగం ఎందుకు, నలభై అయిదేళ్ళ ముఖం ఒకటి ఖాళీగా ఉంది కదా అన్నాను. నా మంగుమచ్చల సంగతి నీకు తెలిసిందే. తెల్లబడిపోవాలని మాత్రం కాదు. తెల్లబరిచే క్రీముల మోసం గురించి ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకి క్లాసు పీకే మనిషిని నేను.

త్వరగా చూసి రాయి.

మీ పిన్ని,
తాయారు


గాజువాక, విశాఖపట్నం,
13 జూలై 1997.

పిన్నీ,

సీసా భద్రంగా చేరింది. మా మేనేజరుగారిని అడిగి, డ్యూటీ అయ్యాక రెండు సాయంత్రాలు దాని మీద కూర్చున్నాను. ఆయన సీసా చూసి, పెళ్ళి కుదిరిందా అని అడిగారు.

ముందు అట్ట సంగతి. దాని మీద పేర్ల వరస ఊరికే రాయరు. ఏది ఎక్కువుంటే అది ముందు. దీన్లో మొదటి పేరు నీళ్ళు. రెండోది గ్లిసరిన్, మా దగ్గుమందుల్లోనూ పోస్తాం. మూడోది గ్లైకాల్ జాతిది, తడి ఆరకుండా పట్టి ఉంచుతుంది. నాలుగోది అసలు సరుకు, సోడియం హయలురోనేట్. జిగురులాంటి పదార్థం, తన బరువుకి ఎన్నో రెట్లు నీటిని పట్టుకుంటుంది. మన కీళ్ళలో, కళ్ళలో దేవుడు పెట్టిందే. బయట దొరికేది ఎక్కువగా కోడిపుంజు నెత్తిమీది ఎర్ర జుట్టులోంచి తీస్తారు. ఈ కంపెనీ దేన్నుంచి తీసిందో రాయలేదు. శనివారాలు నువ్వు నీచు ముట్టవు కాబట్టి చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు.

ఆ తర్వాత కలబంద, ఒక విటమిను, బూజు పట్టకుండా పారాబెన్లు, అత్తరు. పారాబెన్లు మేం సిరప్పుల్లోనూ వాడతాం, ఆ పాళ్ళలో భయం లేదు. ముత్యాల సారం అత్తరు కంటే వెనకాల ఉంది. అంటే ముత్యం వాసన కూడా దీనికి తగల్లేదన్నమాట.

పరీక్షలు: ఆమ్లగుణం మన చర్మానికి దగ్గర్లోనే ఉంది. పాదరసం, సీసం లేవు. విదేశీ క్రీముల్లో పాదరసం దొరికిన సందర్భాలు విన్నాను కాబట్టి రెండుసార్లు చూశాను. క్రిములు పెరుగుతాయేమోనని అయిదు రోజులు పెట్టాను, పెరగలేదు. నా మాట ఏమిటంటే, ఇది అపాయం లేని సరుకు, దాని గొప్పలకి తగినంత గొప్పది మాత్రం కాదు. గ్లిసరిన్‌లో పన్నీరు కలిపి తడి ముఖానికి రాసుకుంటే ముప్పావు వంతు పని అదే చేస్తుంది. ఈ మాట నాగవేణికి మెల్లగా చెప్పు.

అనుమానించాల్సింది అత్తరు ఒక్కటే. కొందరికి పడదు. అందుకని రాసుకునే ముందు ఇలా చెయ్యి. పది రోజులు ముఖానికి సబ్బూ నీళ్ళూ తప్ప ఇంకేదీ రాయకు. స్నో, క్రీము, పసుపు, ఏదీ వద్దు. ఏది ఏం చేసిందో అప్పుడే తెలుస్తుంది. ఆ పదిరోజుల్లో ఏడు రోజులు మోచేతి లోపలి మడతలో రోజూ ఒక చుక్క వెయ్యి. ఎరుపు, దురద లేకపోతే పదకొండో రోజున ముఖానికి. డ్రాపరు చర్మానికి తగలనివ్వకు.

సీసాలోంచి కొద్దిగా తీసి నా దగ్గర ఉంచుకుని, మిగతాది పంపుతున్నాను. పరీక్షించిన ప్రతి సరుకులోనూ కొంత దాచిపెట్టడం మా అలవాటు.

నీ
రూప


చోడవరం,
24 జూలై 1997.

చి. రూపకి,

నీ కాగితం నాగవేణికి చదివి వినిపించాను. ముత్యం సంగతికి నవ్వింది, కోడి సంగతికి ముఖం చిట్లించింది. పన్నీరు, గ్లిసరిన్ మాట కాగితం మీద రాసుకుంది. కొనలేనివాళ్ళకి అదే రాస్తానంది. నీ ఉత్తరాన్ని అట్టకి అంటించి పార్లరు గోడకి తగిలించింది కూడా. జాగ్రత్త, నీ చేతిరాతని ఊరంతా చదువుతోంది.

16 నుంచి మొదలుపెట్టాను. మోచేతి మడతలో ఏడు రోజులు చుక్క వేశాను. ఏమీ లేదు, దోమ కుట్టినంత కూడా లేదు. ముఖానికి అన్నీ మానేశాను. స్టాఫ్ రూములో, ఒంట్లో బాగులేదా అని అడుగుతున్నారు. పౌడరు లేకపోతే మనుషులు గుర్తుపట్టరు కాబోలు. ఎల్లుండి ఉదయం ముఖానికి రాస్తాను. ఎప్పుడెప్పుడా అని ఉంది.

మీ పిన్ని


చోడవరం,
3 ఆగస్టు 1997.

రూపా,

నువ్వు చెప్పినట్టే చేశాను. 26న తడి ముఖం మీద మూడు చుక్కలు. మర్నాడు సాయంత్రానికి బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. ఇంకో రెండు రోజులకి గడ్డం చుట్టూ పొక్కులు. గాలి తగిలితే మంట, నీళ్ళు తగిలితే మంట. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. అద్దంలో చూసుకుంటే ఏడుపొస్తోంది. ఏడిస్తే ఆ ఉప్పునీటికి ఇంకా మంట.

మీ బాబాయి ఊరుకోలేదు. ఆయన కోపం నీకు తెలుసు, ఏడాదికోసారి వస్తుంది, వస్తే చెరుకు లారీకి బ్రేకు పోయినట్టే. వద్దంటున్నా నన్ను రిక్షా ఎక్కించి పార్లరుకి తీసుకెళ్ళాడు. లోపల ముగ్గురు ఆడవాళ్ళున్నారు. వాళ్ళ ముందే అరిచాడు. "మా ఆడమనిషి ముఖం కాల్చేసేవు. రేపు ఎవల ఇంటి ఆడగుంట ముఖం కాలుస్తావు?" అన్నాడు. నాగవేణి చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది. నావైపే చూసింది. మీ అమ్మాయి పరీక్ష చేశాకే కదా రాసుకున్నారు అని మాత్రం అంది. నాకు మంటకి నోట మాట రాలేదు.

మీ బాబాయి సీసాని ఆమె ముందు పెట్టి, గోడ మీద నీ ఉత్తరాన్ని పీకి చింపేశాడు. ఆ రోజు నుంచి పార్లరు గుమ్మం ఎవరూ తొక్కలేదట. శ్రావణం పెళ్ళిళ్ళకి మాట్లాడుకున్న నలుగురూ వద్దన్నారట.

నీ లెక్క ఎక్కడ తప్పిందో చూసుకో.

పిన్ని


గాజువాక,
8 ఆగస్టు 1997.

పిన్నీ,

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. నా మాట నమ్మి నువ్వు ముఖం పాడుచేసుకున్నావంటే ఈ ఉద్యోగానికి నేను తగనట్టే. దాచి ఉంచిన సరుకు తీసి అన్ని పరీక్షలూ మొదటి నుంచీ మళ్ళీ చేశాను. మా సీనియర్ ఫణిభూషణ్‌గారు పక్కన నిలబడి చూశారు. జవాబు మారలేదు. అందులో ముఖం కాల్చేది ఏదీ లేదు.

ఒక్క విషయం నాకు కొరుకుడు పడటం లేదు. అత్తరు పడకపోతే మోచేతి మడతలోనే తెలిసేది. అక్కడి చర్మమూ ముఖంలాగే పలచన. ఏడు రోజులు అక్కడ ఏమీ కానిది, ముఖం మీద ఒక్క రోజులో ఇంత ఎలా అవుతుంది? అంటే తేడా సీసాలో లేదు, ముఖంలో ఉంది. సీరం కంటే ముందు నువ్వు ముఖానికి ఏం రాసేదానివి? ఈ సంగతి నేను మొదటే అడగాల్సింది. స్నో పేరు, సబ్బు పేరు, నాటుమందులు ఏమైనా ఉంటే అవీ, అన్నీ రాయి.

ఈలోగా చన్నీళ్ళలో ముంచిన నూలుగుడ్డ తప్ప ఏదీ పెట్టకు. ఇక్కడికొచ్చెయ్యి, చర్మం డాక్టరుకి చూపిద్దాం.

రూప


చోడవరం,
14 ఆగస్టు 1997.

చి. రూపకి,

నా ముఖం కాలితే నన్నే సంజాయిషీ అడిగే కూతురు వరస పిల్ల ఉండటం నా అదృష్టం. ఏం రాస్తాను? అందరూ రాసేదే, స్నో, పౌడరు. పాతికేళ్ళుగా అదే స్నో. దాని వల్ల ఏమీ కాలేదు, కొత్తగా వచ్చింది సీరమే. సీసాలో లేదంటే నాగవేణి ఏమైనా కలిపిందేమో. అలా అని నేనెవరితోనూ అనలేదు. జనం అంటున్నారు.

మూర్తిగారు ఆమెని నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నారట. మన వీధిలో ఆయన పరువు గల మనిషి, గొడవలంటే గిట్టవు. ఆమె ఏమీ అనకుండా సరేనందట. పాపం అనిపిస్తుంది. కానీ నేనేం చెయ్యను? నా బాధలో నేనున్నాను.

డాక్టరు దగ్గరకి ఇప్పుడే రాలేను. ఈ ముఖంతో బస్సెక్కలేను.

పిన్ని


గాజువాక,
19 ఆగస్టు 1997.

పిన్నీ,

మొన్న శనివారం నాగవేణి మా కంపెనీ గేటు దగ్గరకొచ్చింది. చోడవరంలో మొదటి బస్సు ఎక్కిందట, నేను బయటికి వచ్చేదాకా రెండు గంటలు నిలబడింది. సీసా చేతిలో పెట్టి, తనేమీ కలపలేదని చెప్పింది, కావాలంటే మళ్ళీ చూడమంది. అంతకంటే ముందు నన్ను తన ముఖం చూడమంది. పదిరోజులుగా అదే సీసాలోంచి రోజూ తనే రాసుకుంటోంది. ముఖం నిమ్మళంగా ఉంది.

ఆ సీసా కూడా పరీక్షించాను. నా దగ్గర దాచిన దానికీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఏదీ కలపలేదు.

తర్వాత నువ్వు రాసిన లక్షణాలన్నీ కాగితం మీద రాసుకుని ఇక్కడి చర్మం డాక్టరుగారికి చూపించాను. ఆయన చదివి, ఈమె దురద ట్యూబు ఎన్నాళ్ళు రాసింది అని అడిగారు. సీరం పేరు కూడా అడగలేదు. ఆ ట్యూబుల్లో స్టెరాయిడ్ ఉంటుంది పిన్నీ. ముఖానికి రాస్తే వారంలో నున్నగా, తెల్లగా అవుతుంది, మచ్చలు వెలుస్తాయి. లోపల మాత్రం చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది. రాసినన్నాళ్ళూ ఏమీ తెలియదు. ఒక్కసారిగా మానేస్తే పదిరోజుల్లోపే ఎరుపు, మంట, పొక్కులు. ఆయన దగ్గరకి నెలకి పదిమంది అలాంటివాళ్ళు వస్తారట. ఒకవేళ సీరంలోనే దొంగచాటుగా కలిపారేమోనని దాని కోసం కూడా వెతికాను. లేదు.

నువ్వు రాశావో లేదో నాకు తెలియదు. రాసుంటే మానెయ్యమన్నది నేనే. ఏం రాస్తున్నావని అడగకుండా అన్నీ మానెయ్యమన్నాను.

నిన్న నాగవేణి మళ్ళీ వస్తే నా పరీక్ష కాగితం ఇచ్చాను. తీసుకుంది. కానీ ఒక మాట అంది. "కాయితం ఎవలు సదుగుతారమ్మా? ఊరు టీచరుగారి ముఖం సూస్తంది." నెలాఖరుకి పన్నెండు రోజులుంది.

రూప


చోడవరం,
23 ఆగస్టు 1997.

రూపా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపాను. ఇక చింపను.

రాశాను. రెండేళ్ళ నాలుగు నెలలు రాశాను.

మీ బాబాయి కాలి మడమ దగ్గర దురద, పొలుసులు ఉండేవి కదా, డాక్టరు ఒక ట్యూబు రాసిచ్చాడు. ఒకసారి నా చెంప మీద దద్దురు లేస్తే, ఇది కూడా దురదే కదా అని అదే పూశాను. దద్దురు పోయింది, దానితోపాటు అక్కడి మంగు కూడా వెలిసింది. నాలుగు రోజుల్లో. ఏడేళ్ళుగా ఎన్ని పూసినా కదలని మంగు! ఇక ఆగానా? స్నో డబ్బాలో సగం ట్యూబు పిండి, జడపిన్నుతో కలిపి, మూత పెట్టి పౌడరు పక్కనే పెట్టుకున్నాను. ఎవరు చూసినా స్నో డబ్బాయే. ట్యూబు ఈ ఊళ్ళో కొంటే మందులషాపు గణపతిరావు, మీ ఆయనకి ఇంకా తగ్గలేదా అని అడుగుతాడని, వడ్డాది సంతకి వెళ్ళినప్పుడల్లా అక్కడ రెండేసి కొనేదాన్ని. సంతకి బెల్లం కోసం వెళుతున్నానని మీ బాబాయి అనుకునేవాడు.

స్టాఫ్ రూములో అందరూ, టీచరుగారూ, మీ ముఖం కళగా ఉంది, ఏం వాడుతున్నారు అని అడిగేవాళ్ళు. మంచినీళ్ళు బాగా తాగుతాను అని చెప్పేదాన్ని. ఆ పూటే తొమ్మిదో తరగతిలో, పిల్లలూ, రంగు డబ్బాల్లో దొరకదు అని పాఠం చెప్పేదాన్ని. శ్రీరంగనీతులంటే నావేనమ్మా. సైన్సు చదువుకున్నదాన్ని, ట్యూబు మీద ఏం రాసుందో ఒక్కసారైనా చదవలేదు. చదివితే మానెయ్యాల్సి వస్తుందని చదవలేదు.

నువ్వు అన్నీ మానెయ్యమన్నావు, మానేశాను. సీరం వస్తోంది కదా, ఇక ఈ దొంగతనం అక్కర్లేదు అనుకున్నాను. నీకు రాయని సంగతి ఇంకొకటుంది. సీరం పెట్టకముందే, ఎనిమిదో రోజుకే, బుగ్గలు చిటపటలాడటం మొదలైంది. మోచేతికి ఏమీ లేదని నీకు ఉత్తరం రాసిన పూటే ముఖం వేడిగా ఉంది. సీరం పెడితే చల్లబడుతుందనుకున్నాను.

కాబట్టి పార్లరులో మీ బాబాయి అరుస్తున్నప్పుడు నాకు మాట రాకపోవడం మంట వల్ల కాదు. తేలు కుట్టిన దొంగకి మాట ఎలా వస్తుంది? ఇది సీసా పని కాదని నాకు అప్పటికే అనుమానం. ఆ పిల్ల నావైపు చూసింది. నేను నేల చూశాను. తర్వాత నీకు ఆమే ఏదో కలిపిందేమో అని కూడా రాశాను. ఆ వాక్యం రాసిన చేత్తోనే ఇదీ రాస్తున్నాను. సిగ్గుగా ఉంది రూపా. నన్ను పిన్నీ అని పిలవాలో వద్దో నువ్వే చూసుకో.

ఊళ్ళో ఎలా చెప్పాలో తెలియడం లేదు. ముఫ్ఫై ఏళ్ళ పిల్ల బతుకుతెరువా, నా టీచరుగిరీ పరువా అని త్రాసులో వేసి చూస్తున్నాను. ఇన్నాళ్ళూ చూస్తూ కూర్చోవడమే తప్పు.

తాయారు


గాజువాక,
26 ఆగస్టు 1997.

పిన్నీ,

పిన్నీ అనే పిలుస్తాను. ఇంకేమని పిలవను?

సగం తప్పు నాది. సీసాని రెండు సాయంత్రాలు పరీక్షించాను, రాసుకునే మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. ఇక మీదట ఎవరు ఏది తెచ్చినా ముందు అదే అడుగుతాను.

డాక్టరుగారు చెప్పిన ప్రకారం, మంట భరించలేక మళ్ళీ ఆ ట్యూబు తియ్యకు. తీస్తే రెండు రోజులు హాయిగా ఉండి మళ్ళీ మొదటికొస్తుంది. చన్నీటి గుడ్డ, ఎండలో గొడుగు. ఆయన ఇచ్చిన మాత్రలు ఈ కవరులో పెట్టాను. తగ్గడానికి మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు పడుతుంది. మంగు తిరిగొస్తుంది. అది కూడా చెప్పమన్నారు.

ఊళ్ళో ఎలా చెప్పాలో నేను చెప్పలేను. కావాలంటే శనివారం వచ్చి నీ పక్కన నిలబడతాను.

నీ
రూప


చోడవరం,
31 ఆగస్టు 1997.

చి. రూపకి,

నువ్వు శనివారం వస్తానన్నావు గానీ అంతవరకూ ఆగితే మళ్ళీ త్రాసు తీస్తానని భయమేసింది. అందుకని శుక్రవారమే వెళ్ళాను.

ముందురోజు మీ బాబాయికి చెప్పాను. స్నో డబ్బా ముందు పెట్టి అంతా చెప్పాను. డబ్బా మూత తీసి చూశాడు. తిడతాడనుకున్నాను. మొదట్లో నా ట్యూబు రెండు వారాలకే ఎందుకు అయిపోయిందా అనుకున్నాను అన్నాడు. తర్వాత, ఆ పిల్లని ఎన్ని మాటలన్నాను అంటూ తల పట్టుకున్నాడు. పొద్దున్నే మూర్తిగారింటికి తనే వెళ్ళాడు. మూర్తిగారు విన్నారట గానీ, మీ ఆవిడ నోటితో చెబితే తప్ప ఏం లాభం అన్నారట. ఆయన అన్నదీ నిజమే.

బడి వదిలే వేళకి పార్లరుకి వెళ్ళాను. నాగవేణి సామాను కడుతోంది. పెద్ద అద్దం గోడ మీంచి దింపి పాతచీర చుడుతోంది. కుర్చీ ఒక్కటే మిగిలింది. నిలబడే అంతా చెప్పాను. ట్యూబు, జడపిన్ను, వడ్డాది సంత, ఆ రోజు నేల చూడడం, ఆమే ఏదో కలిపిందేమో అని నీకు రాయడం, ఏదీ దాచలేదు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండును. చీర ముడి విప్పుతూ, కడుతూ విన్నది. చివరికి ఒకటే అంది.

"మీరు అబద్దం ఆడరు కదా అని, నా సేతుల్లోనే ఏదో ఉన్నాదనుకున్నానండి. రోజుకి నాలుగుసార్లు సబ్బెట్టి తోముకున్నాను. మా అమ్మకి అన్నం పెట్టడానికి కూడా బయమేసింది."

ఆ చేతులు చూశాను. వేళ్ళ సందులు పగిలి ఉన్నాయి. రూపా, నా ముఖం మూడు నెలల్లో తగ్గుతుందంటున్నావు. ఆ మాట మాత్రం నేను పోయేదాకా నాలో ఉంటుంది. కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. టీచర్లు కాళ్ళు పట్టుకోకూడదంది. క్షమించానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.

మన ఊళ్ళో ఆ పార్లరు తలుపుకి ఎప్పుడూ ముదురునీలం పరదా ఉంటుంది. లోపల ఎవరున్నదీ బయటికి తెలియకూడదు. అందరూ వెళ్తారు, ఎవరూ వెళ్ళలేదంటారు. నేను ఆ పరదా మొత్తం పక్కకి లాగేశాను. కుర్చీని వీధివైపు తిప్పుకుని కూర్చున్నాను. బడి పిల్లలు పోయే వేళ. మా తొమ్మిదో తరగతి మొత్తం అక్కడే ఆగిపోయింది. కూరల సంచీతో వెళుతున్న సీతామహాలక్ష్మిగారు, మూర్తిగారి భార్య, నన్ను చూసి ఆగారు. ఏమిటి టీచరుగారూ, మళ్ళీ ఇక్కడే కూర్చున్నారు, భయం లేదా అన్నారు.

క్లాసులో వెనక బెంచీకి వినిపించేలా ఎలా మాట్లాడతానో అలాగే చెప్పాను. ఈ ముఖం నాగవేణి పాడు చెయ్యలేదు, సీసా పాడు చెయ్యలేదు, నేనే పాడు చేసుకున్నాను. రెండేళ్ళకి పైగా మా ఆయన కాలిమందు స్నోలో కలిపి రాసుకున్నాను, మచ్చలు పోవాలని. మానేసేసరికి కాలింది. నిజం చెప్పడానికి నాకు నెల రోజులు పట్టింది. కొందరు నవ్వారు. నవ్వనియ్యి. మా క్లాసు పిల్లల్లో ఇద్దరు నవ్వలేదు, ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. సోమవారం వాళ్ళని విడిగా పిలవాలి.

సీతామహాలక్ష్మిగారు సంచీ గుమ్మంలో పెట్టి లోపలికి వచ్చారు. అద్దం చుట్టూ ఉన్న చీర చూసి, ఇదెందుకు కట్టేశావమ్మా, తియ్యి, మా ఆయనతో నేను మాట్లాడతాను అన్నారు. నాగవేణి అద్దం విప్పలేదు. నావైపే చూస్తూ నిలబడింది. నేను చన్నీళ్ళు, నూలుగుడ్డ అడిగాను. గుడ్డ తడిపి తెచ్చింది గానీ ముఖం దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది. అంతమంది చూస్తున్నారు.

నేనే ఆ చెయ్యి పట్టుకుని, గుడ్డ పక్కన పడేసి, అరచెయ్యి నా చెంప మీద పెట్టుకున్నాను. మండింది రూపా. చెయ్యి తియ్యొద్దన్నాను.

మీ పిన్ని,
తాయారు